మొదటి బిందె పోసే చోటు

మా ఆఫీసులో ఒక ఇంగ్లీషు మాటకు అందరం భయపడేవాళ్ళం. మెమోకు భయపడని వాళ్ళు ఉండేవాళ్ళు, బదిలీకి భయపడని వాళ్ళు కూడా ఉండేవాళ్ళు గానీ, ఆ మాటకు భయపడని వాడు ఒక్కడూ లేడు. "బ్యాక్ టు స్క్వేర్ వన్." మా పై అధికారి ఈ మాట అనే ముందు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టేవాడు. ఆయన చెయ్యి కళ్ళద్దాల మీదికి పోతుంటేనే మాలో సగం మంది నీళ్ళు నమిలేవాళ్ళు.

నేను ఉద్యోగమంతా భూములు కొలిచాను. పుట్టింది కడపలో, కొలిచింది ఎక్కువగా కర్నూలు పడమటి పల్లెల్లో. మొదట్లో గొలుసుతో కొలిచాను, తర్వాత టేపుతో, చివరి పదేళ్ళు మూడుకాళ్ళ మీద నిలబెట్టే మిషన్‌తో. నా కొలత తప్పని నిరూపించిన మనిషి ఇన్నేళ్ళలో ఒక్కరే. ఆమె సంతకం చేయదు, వేలిముద్ర వేస్తుంది. ఆ కథ ఇది. ఉపగ్రహాలతో మాట్లాడే పరికరాలు పట్టుకుని ఇప్పుడు పొలాల్లోకి దిగుతున్న కుర్ర సర్వేయర్లు చదవాలని నా కోరిక. మధ్యలో నా గొప్పలు కూడా కొన్ని వస్తాయి. పెన్షన్ తీసుకునే వాడికి ఆ మాత్రం హక్కు ఉంది, ఓర్చుకోండి.

ముందు ఆ ఇంగ్లీషు మాట సంగతి తేల్చుకుందాం. ఆ అధికారి మా ఆఫీసుకు వచ్చిన కొత్తలో దాని అర్థం నాకు తెలియదు. చతురస్రం, ఒకటి అనేసరికి అదేదో కొలత అనుకున్నాను. ఆయనది కోస్తా, చదువుకున్న మనిషి, కోపం ఎంతో ఓపిక కూడా అంతే. ఒకరోజు ధైర్యం చేసి అడిగితే ఆయన తెల్లకాగితం మీద గళ్ళు గీశాడు.

"చిన్నప్పుడు వైకుంఠపాళి ఆడావా?"

"ఆడాను సార్."

"పైదాకా ఎక్కావు. ఇంక ఒక్క పందెం పడితే వైకుంఠమే. అప్పుడు పెద్ద పాము మింగింది. ఎక్కడికి వస్తావు?"

"కిందికి సార్. మొదటి గడికి."

"అదే ఈ మాట. పడిన కష్టమంతా వృథా అయి, బయలుదేరిన చోటికే వచ్చి, మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తే అంటారు. ఊరికే అనరు."

ఊరికే అనరు అన్న ముక్క బాగా గుర్తుపెట్టుకున్నాను. మా ఆఫీసులో ఒక గుమాస్తా బదిలీ మీద పోయి మూడేళ్ళకు తిరిగొచ్చి, పాత కుర్చీలోనే కూర్చుని, "బ్యాక్ టు స్క్వేర్ వన్" అని నవ్వాడు. నేను ఒప్పుకోలేదు. పాత చోటికి రావడం ఒక్కటే సరిపోదు, చేసిన పని పోవాలి. నువ్వు పోగొట్టుకున్నదేముంది, కర్చీఫ్ వేసి పోయినట్టు నీ కుర్చీ నీకే దొరికింది గదా అన్నాను. మనం 'కథ మళ్ళీ మొదటికొచ్చింది' అంటాం చూడండి, ఇంచుమించు అదే. అందులో నవ్వుకోవడానికి కాస్త చోటుంటుంది. మా అధికారి నోట వచ్చినప్పుడు మాత్రం చోటుండేది కాదు.

ఇంత బాగా అర్థం తెలిసిన నేను ఆ మాట మీద ఒక పాఠం వేలిముద్ర వేసే మనిషి దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆ ఊరు కోడుమూరుకు అవతల. బస్సు దిగి ఇంకా నడవాలి. ఎర్రనేల, కంది, ఆముదం, వానొస్తే బుడ్డలు, అదే వేరుశనగ, రాకపోతే దుమ్ము. ఆ ఊరికీ పడమటి పక్క ఊరికీ మధ్య పొలిమేర ఎక్కడన్నది తేలక రెండు ఊళ్ళ కాగితాలూ ఆగిపోయి ఉన్నాయి. ఊరి పొలిమేర మొత్తం చుట్టి కొలిచి కొత్త పటం గీయమని నన్ను పంపారు. నాకు తోడు మా చైన్‌మ్యాన్, కర్నూలు పాతబస్తీ మనిషి, నాకన్నా పెద్దవాడు. అందరం భాయ్ అనేవాళ్ళం. గొలుసులు పోయి మిషన్లు వచ్చినా ఆయన హోదా పేరు మారలేదు, ఆయన భుజం మీది టేపు కూడా దిగలేదు.

మా పనిలో ఒక నియమం ఉంది, అదొక్కటి చెబితే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. ఊరి చుట్టూ కొలవాలంటే తిరుగులేని ఒక రాయిని పట్టుకుని అక్కడి నుంచి మొదలుపెడతాం. రాయి నుంచి గుట్టకు, గుట్ట నుంచి వంకకు, అలా బిందువు వెంట బిందువు కొలుచుకుంటూ ఊరంతా చుట్టి మళ్ళీ ఆ రాయి దగ్గరికే రావాలి. లెక్కల్లో కూడా అక్కడికే వచ్చి ముగిస్తే 'క్లోజ్ అయింది' అంటాం. అడుగో రెండడుగులో ఎడంగా తేలితే దారిలో ఎక్కడో తప్పు చేసినట్టు. మామూలు మనుషులకు మొదటికి రావడం ఓటమి. సర్వేయరుకు అదే గెలుపు.

ఆ ఊళ్ళో నాకు దొరికిన రాయి మామూలు రాయి కాదు. రెండు ఊళ్ళ మధ్య పోయే తారురోడ్డు పక్కన, సిమెంటు కట్ట మీద, మోకాలెత్తు రాయి. ఒళ్ళంతా పసుపు, దాని మీద కుంకుమ, వెండి కళ్ళు, మెడలో వాడిన పూలదండ. పొలిమేర దేవుడు. నేను చెప్పులు విడిచి, దండం పెట్టి, తల మీద పసుపు గోటితో కొంచెం గీకాను.

"సార్, దేవుణ్ణి గోకొద్దు సార్. మనకెందుకు పరేషాన్?" అన్నాడు భాయ్.

పసుపు కింద పాతకాలం సర్వే వాళ్ళు చెక్కిన గుర్తు బయటపడింది. నా సంతోషం చెప్పలేను. పటంలో ఉన్న రాయి ఇదే. పొలాల్లో రాళ్ళను నమ్మలేం. అన్నదమ్ములు జరుపుతారు, ట్రాక్టర్లు జరుపుతాయి, ఎద్దు ఒళ్ళు రుద్దుకున్నా వాలిపోతాయి. దేవుణ్ణి ఎవడు జరుపుతాడు? ఇంతకన్నా గట్టి రాయి జిల్లాలోనే ఉండదనుకుని మిషన్ అక్కడే దించాను.

పందొమ్మిది రోజులు తిరిగాం. ఊరికి మూడు పక్కలా గుట్టలు, వంక, బీడు. దారిలో పాత సర్వే రాళ్ళు ఇంకో రెండు దొరికాయి. ఒకటి వంక గట్టున, ఒకటి గుట్ట వారన. వాటికి పసుపూ లేదు, కుంకుమా లేదు. నా లెక్క ప్రకారం అవి ఉండాల్సిన చోట లేవు. రెండూ పడమటికి ఇరవై రెండు అడుగులు ఎడంగా ఉన్నాయి. 'రాళ్ళు కదిలించబడినవి' అని పుస్తకంలో రాసేశాను.

భాయ్ నేను రాస్తున్నది తొంగి చూశాడు. "రెండు రాళ్ళూ ఒకే దిక్కుకు, ఒకే కొలత జరిగినాయా సార్? ఎవురో టేపు పట్టుకోని జరిపినట్లుండాది."

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం మళ్ళీ పసుపు రాయి దగ్గరికి వచ్చి చివరి కొలత తీసుకున్నాం. అక్కడే కట్ట మీద కూర్చుని లెక్క వేశాను. అన్ని మైళ్ళు చుట్టి వస్తే తేడా రెండు వేళ్ళ మందం. నా ఉద్యోగంలో అంత బాగా క్లోజ్ అయిన సర్వే అంతకు ముందు లేదు. అధికారి లెక్కలన్నీ రెండుసార్లు చూశాడు, కళ్ళద్దాలు తియ్యలేదు. ఆ పంద్రాగస్టున పరేడ్ మైదానంలో నన్ను పిలిచి ఉత్తమ ఉద్యోగి అని ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇంట్లో దాన్ని ఫ్రేము కట్టించి, వచ్చిన వాళ్ళకు కనబడేలా గుమ్మానికి ఎదురుగా తగిలించాను.

తర్వాత పటం ప్రకారం ఊళ్ళో నోటీసులు వేశాం. అభ్యంతరాలు ఉంటే నెలలోపు చెప్పాలి. ఆ తర్వాత అధికారి సంతకం పడితే, మార్చాలంటే కోర్టులే. అభ్యంతరాలు ఏమొస్తాయిలే అనుకున్నాను. మూడు దిక్కులా ఉన్న గుట్టల్లో హద్దు ఎటు జరిగినా ఒక మేక కూడా అర్జీ పెట్టదు. పడమటి వైపు మాత్రం పొలాలున్నాయి. అక్కడ ఇద్దరు రైతులకు కాస్త రాళ్ళనేల పోయింది, వాళ్ళు పట్టించుకోలేదు. మూడో రైతు ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటుంది, భర్త లేడు. నోటీసు కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుని, రెండు బస్సులు మారి ఆఫీసుకు వచ్చింది.

"సార్, నా బాయి నాది గాదని రాసినారంట."

పటం తీసి చూశాను. కొత్త పొలిమేర ఆమె బావికి ఇవతల నుంచి పోతోంది. బావి పొరుగు ఊరి లెక్కలోకి, అంటే అవతలి ఆసామి పొలంలోకి పోయింది. ఎనిమిది అడుగుల తేడాతో.

"మాకుండేది నాలుగెకరాలు సార్. మూడు మెట్ట. ఒక్కటే బాయి కింద పారేది. మూడు ఎండాకాలాలు తవ్వినాం. మా ఇంటాయన తవ్వుతాంటే మట్టి నేను మోసినా. ఇప్పుడు ఆయన లేడు. ఆ బాయి గూడ లేకుంటే నేనేం తినేది?"

"నువ్వు చెప్పేది నిజమే కావొచ్చమ్మా. బావి మీరే తవ్వారు. కానీ మీది కాని చోట తవ్వారు. మిషన్ అబద్ధం చెప్పదు."

"మిసన్ను నేనేమీ అనలే సార్. నువ్వు యాడ నుంచి మొదులు పెట్టినావని అడుగుతాండా."

ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. నా లెక్కలు చూసిన అధికారి కూడా. నేను విసుగ్గా, "మీ పొలిమేర దేవుడి దగ్గర నుంచే" అన్నాను.

ఆమె నా ముఖంలోకి వింతగా చూసింది. "ఆడ నుంచా? ఆడ నుంచి ఏంటికి?"

"అర్జీ రాయించి ఇయ్యమ్మా, చూస్తాం" అని లేచి భోజనానికి పోయాను. ఇది దాచిపెట్టకుండా చెబుతున్నాను. ఆ రోజు నేను తిన్నది నాకు బాగానే అరిగింది.

వారం తర్వాత అవతలి ఆసామి ఫోన్ చేశాడు. ఆయనకు తోటలున్నాయి, టౌన్లో వ్యాపారం ఉంది, మర్యాదస్థుడు. కొత్త హద్దు వెంట కంచె వేసుకుంటానని, ఒకసారి వచ్చి గీత చూపించమని అడిగాడు. భాయ్‌ను వెంటబెట్టుకుని పోయాను. అప్పటికే కంచెకు రాతి కూసాలు లారీలో తెచ్చి రోడ్డు పక్కన దించి ఉన్నాడు.

"మీరు కొలిసిందే కొలత సార్. ఒక అడుగు ఎక్కువొద్దు, ఒక అడుగు తక్కువొద్దు" అన్నాడు.

ఆమె బావి గట్టు మీద నిలబడి ఉంది. అరవలేదు, ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి, "సార్, అర్జీ గిర్జీ నాకు రాదు. నాతో రా, ఒకటి చూపిస్తా" అంది. నేను కదలక ముందే భాయ్ కదిలాడు. చేసేది లేక నేనూ నడిచాను.

ఆమె పసుపు రాయి దగ్గరికి పోయి దండం పెట్టింది. అక్కడి నుంచి రోడ్డు వారనే పడమటికి నడిచి, తన పొలం మూల దగ్గర, తంగేడు పొద పక్కన ఆగింది. అక్కడ ఏమీ లేదు. గులకరాళ్ళు, ఎండిన గడ్డి.

"ఊరి దేవర జాతర చేసినప్పుడు పొలిమేర చుట్టూ పొలి అన్నం చల్లుకుంటా తిరుగుతారు గదా సార్. తిరిగే ముందర మొదటి బిందె నీళ్ళు ఈడ పోస్తారు. ఆ బిందె మా ఇంటిది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి నేనే మోస్తాండా. ఊరంతా చుట్టొచ్చి మళ్ళా ఈడికే వచ్చి, మిగిలిన నీళ్ళు ఈడే కుమ్మరిస్తారు."

"మరి దేవుడు అక్కడున్నాడు కదా?" అన్నాను.

"ఇప్పుడు ఆడుండాడు. ముందర ఈడనే ఉండె. తారురోడ్డు ఏసేటప్పుడు కంకర లారీలు తిరగనీకి అడ్డమాయనని పూజ చేసి ఆడికి జరిపినారు. మా యత్త ఒప్పుకోలే. రాయిని యాడన్నా పెట్టుకోండి, పొలిమేర ఈడిదే, బిందె ఈడే పొయ్యి అనింది. ఊరోళ్ళు గూడ సరే అన్నారు. అప్పటి నుంచి దండం ఆడ, బిందె ఈడ."

నేను ఏదో అనబోయాను. అప్పటికే భాయ్ భుజం మీది టేపు దించాడు. ఎవరూ చెప్పకుండానే ఒక కొస ఆమె చేతికిచ్చి తంగేడు పొద దగ్గర పట్టుకోమన్నాడు. రెండో కొసతో రాయిదాకా నడిచి, వంగి, అంకె చూసి అక్కడి నుంచే అరిచాడు.

"ఇరవై రెండు, సార్!"

వంక గట్టు రాయి కదలలేదు. గుట్ట రాయి కదలలేదు. కదిలింది నేను నమ్మిన దేవుడు. పరిచిన దుప్పటిని ఒక కొస పట్టి లాగినట్టు ఊరి పొలిమేర మొత్తాన్ని ఇరవై రెండు అడుగులు తూర్పుకు లాగేశాను. ఆ దుప్పటి కింది నుంచి ఆమె బావి బయటపడిపోయింది. రెండు వేళ్ళ తేడాతో క్లోజ్ అయిందని మురిసిపోయాను గానీ, తప్పు చోట బయలుదేరి అదే తప్పు చోటికి రెండు వేళ్ళ తేడాతో వచ్చాను. తిరిగి మొదటికి రావడం దారి సరైనదని చెబుతుంది. మొదలు సరైనదా అన్నది అది చెప్పదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ సంగతి నాకు తట్టలేదు.

సిగ్గేసింది. తప్పు చేసినందుకు కాదు, తప్పులు అందరూ చేస్తారు. ఆమె ఆఫీసుకు వచ్చి సరైన ప్రశ్న అడిగితే నేను భోజనానికి లేచిపోయినందుకు.

ఆ సాయంత్రం బస్సులో భాయ్ నా పక్కనే కూర్చున్నాడు. కర్నూలు దగ్గర పడ్డాక, "సార్, నెల గడువుకు ఇంకా ఐదు రోజులుండాది. మనం నోరు మూసుకుంటే ఎవురికీ తెలీదు" అన్నాడు.

"నువ్వు మూసుకుంటావా భాయ్?"

"నేనా? నాకు మూడు నెల్లల్లో రిటైర్మెంటు. నాకేం డర్? మీ సంగతి చెప్పండి. గోడకు తగిలించుకున్నది మీరు గదా."

మర్నాడు పొద్దున్నే అధికారి గదిలోకి పోయాను. ఫైలు ఆయన బల్ల మీదే ఉంది, సంతకానికి సిద్ధంగా. నేను కూర్చోలేదు. జరిగింది మొదటి నుంచి చెప్పాను. బిందె సంగతి చెబుతుండగా ఆయన చెయ్యి కళ్ళద్దాల మీదికి పోయింది. ఆయన ఆ మాట అనకముందే నేనే అనేశాను.

"బ్యాక్ టు స్క్వేర్ వన్, సార్."

ఆయన కళ్ళద్దాలు బల్ల మీద పెట్టాడు.

"ఇంతమందిలో నీకు ప్రశంసాపత్రం ఇప్పించాను. పై వాళ్ళకు నీ క్లోజింగ్ చూపించి గొప్పగా చెప్పాను. ఇప్పుడు వాళ్ళతో ఏమని చెప్పమంటావు? ఒక ముసలావిడ బిందె తెచ్చిందని చెప్పనా?"

"ముసలావిడ కాదు సార్, నా ఈడుదే. నేను తప్పు చేశానని చెప్పండి. కావాలంటే నేనే రాసిస్తాను."

"రుజువు? ఆచారాలు చూపించి పటాలు మార్చలేం. రేపు అవతలి ఆసామి అడిగితే ఏం చూపిస్తావు?"

రుజువు నా దగ్గర ఉంది. రాత్రంతా ఆలోచించి దొరకబుచ్చుకున్నది అదే. పాతకాలంలో ముఖ్యమైన హద్దు రాయి పాతేటప్పుడు గుంతలో బొగ్గులు పోసి పాతేవాళ్ళని, రాయిని ఎవరైనా పీకేసినా నేలలో బొగ్గు చెడకుండా ఉంటుందని నేను చేరిన కొత్తలో మా సీనియర్లు చెప్పేవాళ్ళు. నేను ఎన్నడూ తవ్వి చూసిన పాపాన పోలేదు.

"తవ్వుదాం సార్. బొగ్గు దొరక్కపోతే మీరు సంతకం పెట్టండి. నేను మళ్ళీ మాట్లాడను."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, "జీపు తియ్యమను" అన్నాడు.

మేం పోయేసరికి ఊరు ఊరంతా తంగేడు పొద దగ్గరే ఉంది. అవతలి ఆసామి కూడా ఉన్నాడు, పక్కనే ఆయన రాతి కూసాలు. ఊరి పెద్ద ఒకాయనను అధికారి అడిగాడు, రాయిని జరిపిన మాట నిజమేనా అని.

"నిజమే సార్. నేనూ ఒక చెయ్యి ఏసినా."

"మరి ఈయన పందొమ్మిది రోజులు మీ ఊళ్ళో కొలుస్తుంటే ఒక్కరూ చెప్పలేదేం?"

"ఆయప్ప అడగలే గద సార్! వచ్చినాడు, దండం పెట్టినాడు, మిసన్ను పెట్టినాడు. దేవుని మింద భక్తి శానా ఉండాదిలే అనుకున్యాం."

జనం నవ్వారు. అధికారి నవ్వలేదు గానీ మీసం కింద ఏదో కదిలింది.

గునపం భాయ్ పట్టుకున్నాడు. ఆ వయసులో వద్దంటే వినలేదు, నా చేతికీ ఇవ్వలేదు. అడుగు లోతు తవ్వాడు, ఎర్రమట్టి. అడుగున్నర తవ్వాడు, ఎర్రమట్టే. ఆమె ఒక పక్కగా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. గుంతలోకి చూడటం లేదు, తన బావి వైపు చూస్తోంది. బొగ్గు పోయడమన్నది అన్ని చోట్లా చేసేవాళ్ళో లేదో నాకు తెలియదు. సీనియర్లు కబుర్లు చెప్పి ఉండొచ్చు. బొగ్గు లేకపోతే నేను నా నోటితోనే ఆమె బావిని రెండోసారి పోగొట్టినట్టు.

రెండు అడుగులు దాటాక గునపం చప్పుడు మారింది. భాయ్ ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో మట్టి తీశాడు. పిడికిలి పైకెత్తి తెరిచాడు. అరచెయ్యంతా నల్లగా ఉంది.

ఆమె గబగబా వచ్చి, ఆ నలుపును వేలితో తాకి చూసి, వేలు తన చీరకే తుడుచుకుంది. అప్పుడు ఏడ్చింది.

అవతలి ఆసామి తన కూసాల వైపు ఒకసారి చూసి, "మా నాయన ఎప్పుడో చెప్పినట్లే ఉండాది సార్, రాయిని జరిపినారని. మరిసిపోయినా" అన్నాడు. నిజంగా మరిచిపోయాడో లేదో నేను కొలవలేదు. నా పని భూమి కొలవడం వరకే.

జీపెక్కుతూ అధికారి నన్ను పక్కకు పిలిచాడు. "వైకుంఠపాళిలో పాము మింగితే మొదటి గడికి వస్తాం. ఆ గడి ఎక్కడికీ పోదు, మన కోసం అక్కడే ఉంటుంది. నీకు ఆ గడి కూడా లేకుండా పోయింది చూడు. ముందు దాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది" అన్నాడు. జీపులో కూర్చున్నాక, "ఎల్లుండి నుంచి మళ్ళీ మొదలుపెట్టు" అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టమన్న మాట ఆయన నోట తిట్టుగా కాకుండా వినడం నాకు అదే మొదలు, అదే చివర.

మొదలుపెట్టే రోజు ఆమె బిందె తెచ్చింది. దేవర కాదు, పండగ కాదు. నీళ్ళు నింపిన ఇత్తడి బిందె నా ముందు పెట్టి, "నువ్వే పొయ్యి సార్. తిరిగేది నువ్వు గదా" అంది. పోశాను. నాకు భక్తి అంతంతే. కానీ బిందె ఖాళీ అయ్యేదాకా ఒక్క చుక్క పక్కకు పోనివ్వలేదు.

మళ్ళీ పందొమ్మిది రోజులు. ఈసారి వంక రాయి సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. గుట్ట రాయి కూడా. చివర్లో తేడా నాలుగు వేళ్ళు వచ్చింది. మొదటిసారి కన్నా రెండు వేళ్ళు ఎక్కువే. అధికారి ఈసారి కూడా కళ్ళద్దాలు తియ్యలేదు. బావి పద్నాలుగు అడుగులు ఆమె హద్దు లోపలే ఉందని పటం చెప్పింది. తంగేడు పొద పక్కన బొగ్గుల మీదే కొత్త రాయి పాతాం.

ప్రశంసాపత్రం ఫ్రేముతో సహా తీసుకుపోయి అధికారికి తిరిగి ఇవ్వబోయాను. "క్లోజింగ్ బాగుందని ఇచ్చాం. క్లోజింగ్ బాగానే ఉందిగా, ఉంచుకో" అన్నాడు. దాన్ని మళ్ళీ గోడకు తగిలించాను. తియ్యలేదు, ఇప్పటికీ ఉంది. ఫ్రేము వెనక అట్ట మీద మాత్రం పెన్సిల్‌తో 22 అని రాసి పెట్టుకున్నాను.

భాయ్ రిటైరయ్యే ముందు మేమిద్దరం ఆ ఊరి మీదుగా ఒకసారి పోయాం. బస్సు కిటికీలోంచి చూస్తే, కొత్త రాయికి అప్పుడే ఎవరో పసుపు పూసి ఉన్నారు. "సార్, ఈయన గూడ దేవుడైనాడు. ఇంగ ఈయన్ని యాడికి జరుపుతారో" అన్నాడు భాయ్. నేను మర్నాడే ఆఫీసులో ఆ ఊరి పుస్తకం తీసి, రిమార్కుల గడిలో రాశాను: 'పొలిమేర రాయిని చూసి మొదలుపెట్టవద్దు. దేవరకు మొదటి బిందె ఎక్కడ పోస్తారో ఊరిని అడగవలెను.' సర్కారు పుస్తకంలో ఇటువంటి రాతలు రాయకూడదు. రాశాను.

రిటైరయ్యాక కడపకు వచ్చేశాను. పొద్దున దర్గా వైపు నడక, సాయంత్రం మనవళ్ళకు లెక్కలు. మొన్నీమధ్య ఒక ఫోన్ వచ్చింది. ఒక అమ్మాయి గొంతు. గ్రామ సర్వేయరునని చెప్పింది. ఆ ఊళ్ళో కొత్తగా కొలతలు మొదలుపెడుతున్నారట, పొలిమేర దగ్గర నిలబడే ఫోన్ చేస్తోందట.

"సార్, పాత పుస్తకంలో ఇక్కడేదో బిందె అని రాసి ఉంది. కింద మీ సంతకం ఉంది. జోక్ అనుకున్నాం సార్. మా దగ్గర రోవర్ ఉంది, నేరుగా ఉపగ్రహాల నుంచి లెక్క వస్తుంది, రాళ్ళతో పెద్దగా పని లేదు."

"మిషన్ మంచిదేనమ్మా. దాన్ని కాసేపు పక్కన పెట్టు. తారురోడ్డు మలుపు దగ్గర ఒక బావి ఉంటుంది. అక్కడ ఒకామె ఉంటుంది, ఇప్పుడు ముసలామె అయి ఉంటుంది. ఎక్కడ నుంచి మొదలుపెట్టాలని ముందు ఆమెను అడుగు."

ఫోన్ పెట్టకుండానే ఆ అమ్మాయి నడుస్తున్నట్టుంది. కాళ్ళ కింద గులకరాళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత అస్పష్టంగా ఏవో మాటలు, ఒక నవ్వు.

"సార్, చూపిస్తానంటోంది. అంతకు ముందు నీళ్ళు తాగమంటోంది సార్."

"ఎక్కడి నీళ్ళు?"

ఆ అమ్మాయి అటు తిరిగి అడిగింది. ముసలామె చెప్పిన జవాబు ఫోన్లో నాకు సూటిగా వినిపించింది.

"ఈ బాయివే. నా బాయివి."

"తాగమ్మా" అన్నాను. "తాగి, తర్వాత మొదలుపెట్టు."